బొటనవేలి సంతకం

మన దగ్గర వేలిముద్ర అంటే చదువు రాకపోవడానికి గుర్తు. రిజిస్ట్రారాఫీసులోనో బ్యాంకులోనో సిరా ప్యాడ్ మీద బొటనవేలు అద్దుకుని, గుమాస్తా చూపించిన చోట నొక్కే స్త్రీని మనమంతా చూశాం. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు, వేలిముద్ర నుంచి సంతకానికి మారడమే ఒక పెద్ద గెలుపుగా చెప్పుకున్నాం. సంతకం అంటే మనిషిగా లెక్కలోకి రావడం. వేలిముద్ర అంటే ఒట్టి శరీరం.

అందుకే, 1920ల నాటి కొన్ని పారిస్ గౌన్ల లోపల కుట్టి ఉన్న లేబుల్ గురించి మొదటిసారి చదివినప్పుడు ఆగిపోయాను. ఆ లేబుల్ మీద గౌను సృష్టికర్త సంతకం ఉంది. దానితో పాటు ఆమె బొటనవేలి ముద్ర కూడా ఉంది. ఆమెకి సంతకం చెయ్యడం రాక కాదు. పారిస్‌లో పేరున్న బట్టల సంస్థల్లో ఒకదానికి అధిపతి. అయినా సంతకం ఒక్కటే చాలదనుకుంది. వేలు కూడా సాక్ష్యం చెప్పాలనుకుంది.

ఆమె మాడ్లెన్ వియొనే (1876-1975). ఫ్యాషన్ చరిత్ర రాసేవాళ్ళు ఆమెని వాస్తుశిల్పి అంటారు, శిల్పి అంటారు, బట్టల లోకంలో యూక్లిడ్ అంటారు. అన్నీ మగవాళ్ళ వృత్తుల నుంచి అరువు తెచ్చిన బిరుదులే. కుట్టుపని మనిషి అని మాత్రం ఎవరూ అనరు. ఆ మాట అంటే ఆమె స్థాయి తగ్గిపోతుందని భయం కాబోలు. నా పేచీ అంతా ఈ పొగడ్తతోనే. వియొనే ఆలోచన పుట్టింది కుట్టుపనిలోంచి. ఆమెని అందులోంచి పైకి లేపి గౌరవించడం అంటే ఆమె చేసినదాన్ని చదవడానికి నిరాకరించడమే.

ఫ్యాషన్ డిజైనర్ గురించి స్త్రీవాద పత్రికలో రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. 1996లో బెంగుళూరు ప్రపంచసుందరి పోటీల మీద స్త్రీలు చేసిన నిరసన నుంచీ అందాల వ్యాపారం మీద మనం చాలా మాట్లాడాం, సరిగ్గానే మాట్లాడాం. కానీ ఆ మాటల్లో బట్ట తొడుక్కునే స్త్రీ కనిపించినంతగా బట్ట కుట్టే స్త్రీ కనిపించలేదు. నా పీహెచ్‌డీ స్త్రీల ఆత్మకథల మీద. రాసుకున్న స్త్రీల గురించి ఐదేళ్ళు చదివాక, రాసుకోని స్త్రీల్ని ఎలా చదవాలన్న ప్రశ్న మిగిలిపోయింది. వియొనే ఆత్మకథ రాయలేదు. ఆమె వదిలి వెళ్ళింది దుస్తులు, కోరా గుడ్డ నమూనాలు, ఫోటోల ఆల్బములు. ఒక సాహిత్య విద్యార్థికి వీటిని చదవడానికి భాష ఉందా అన్నది నాకు నిజంగానే అవసరమైన ప్రశ్న.

ఆమె జీవితాన్ని రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. ఫ్రాన్స్‌లో లువారే ప్రాంతంలో పుట్టింది, తండ్రి పెంపకం. చదువులో చురుకైన పిల్ల అయినా పదకొండో ఏట బడి మాన్పించి కుట్టుపనిలో పెట్టారు. పద్దెనిమిదేళ్ళకి పెళ్ళి. పుట్టిన ఆడపిల్ల పసితనంలోనే పోయింది. ఆ పెళ్ళి విడాకులతో ముగిసింది. ఇరవై దాటీ దాటకుండానే ఒంటరిగా ఇంగ్లండు వెళ్ళింది. అక్కడ ఒక ఆసుపత్రిలో బట్టల పని చేసి, తర్వాత లండన్‌లో కేట్ రైలీ కుట్టుగదిలో చేరింది. పందొమ్మిదో శతాబ్దం చివర ఒక పేద స్త్రీ ఇంత దూరం నడిచిందంటే అది చిన్న విషయం కాదు. కానీ నాకు ముఖ్యమైన భాగం ఆమె పారిస్ తిరిగి వచ్చాక మొదలవుతుంది.

అక్కడ కాలో అక్కచెల్లెళ్ళ సంస్థలో చేరింది. నలుగురు అక్కచెల్లెళ్ళు నడిపిన సంస్థ అది. పెద్దావిడ మదాం జెర్బేర్ కాగితం మీద బొమ్మ గీయకుండా, గుడ్డని మనిషి మీద నేరుగా వేసి ఆలోచించేది. ఆ ఆలోచనని నమూనాగా మార్చడం వియొనే పని. జపాను కిమోనో చేతిని ఐరోపా గౌనులోకి తేవడం అక్కడే నేర్చుకుంది. తనకి గురువు మదాం జెర్బేరేనని జీవితాంతం చెప్పుకుంది కూడా. ఒక స్త్రీ నుంచి మరో స్త్రీకి చేతి ద్వారా అందిన విద్య ఇది. మన సాహిత్య చరిత్రల్లో గురుశిష్య పరంపరలు ఎన్నో రాసుకుంటాం గాని, కుట్టుగదిలో నడిచిన ఇలాంటి పరంపరని శిక్షణ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం.

1907లో జాక్ దూసే సంస్థలోకి మారింది. అక్కడ మోడళ్ళని కార్సెట్ లేకుండా, ఉత్త కాళ్ళతో నడిపించింది. దుకాణంలో అమ్మకాలు చేసే ఆడవాళ్ళే దాన్ని ఒప్పుకోలేదు. స్త్రీలకి కార్సెట్ నుంచి విముక్తినిచ్చిన వాడిగా చరిత్ర పుస్తకాలు సాధారణంగా పోల్ ప్వారే పేరు చెబుతాయి. అదే ప్వారే 1910 ప్రాంతంలో అడుగు తీసి అడుగు వెయ్యడం కష్టమయ్యేంత ఇరుకు అంచున్న స్కర్టులు తెచ్చాడు. నడుము విప్పి కాళ్ళు కట్టేశాడన్నమాట. విమోచకుల జాబితాలో అతని పేరు ముందుండటం, వియొనే పేరు కింది వరసలో ఉండటం మనకేమీ కొత్త కాదు.

1912లో రివోలీ వీధిలో సొంత సంస్థ పెట్టింది. యుద్ధం రావడంతో 1914లో మూసేసింది. యుద్ధం ముగిశాక మళ్ళీ తెరిచింది. 1923 నాటికి అది మోంటేన్ అవెన్యూలో 50వ నంబరు భవనానికి మారింది. అక్కడ ఆమె పని చేసిన తీరు చూడాలి.

ఆమె బొమ్మలు గీయలేదు. ఆమె ఎదుట కీళ్ళున్న కొయ్యబొమ్మ ఒకటి ఉండేది, సుమారు 80 సెంటీమీటర్ల ఎత్తు. దాన్ని తిప్పుకుంటూ, చిన్న గుడ్డని దాని మీద వేలాడదీసి, గుండుసూదులు గుచ్చి, కత్తిరించి, మళ్ళీ వేలాడదీసేది. ఆ చిన్న నమూనా కుదిరాకే దాన్ని మనిషి కొలతకి పెంచేవారు. ఈ బొమ్మని చూసి కొందరు విమర్శకులు ముచ్చటపడి ఆడపిల్లల బొమ్మలాట అన్నట్టు రాస్తారు. ఒక భవనానికి మట్టి నమూనా చేసుకునే ఇంజనీరుని మట్టితో ఆడుకుంటున్నాడని ఎవరూ రాయరు.

బొమ్మ గీస్తే ఏమవుతుంది? గీతకి బరువుండదు. కాగితం మీద స్కర్టు ఎలా కావాలంటే అలా జారుతుంది. గుడ్డ అలా కాదు, దానికి తన స్వభావం ఉంది. వియొనే తన జీవితమంతా కనుక్కుంటూ పోయింది ఆ స్వభావాన్నే. ఇక్కడ కొంచెం నేత సంగతి చెప్పాలి. పడుగు నిలువుగా, పేక అడ్డంగా ఉంటాయి. ఈ రెండు దారుల్లో లాగితే బట్ట సాగదు. ఐమూలగా లాగితే సాగుతుంది, వదిలితే దగ్గరికి వస్తుంది. మా పిన్ని ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని ముప్ఫై ఏళ్ళు జాకెట్లు కుట్టింది. క్రాస్ కటింగ్‌కి ఐదు రూపాయలు ఎక్కువ తీసుకునేది, గుడ్డ కూడా ఎక్కువ అడిగేది. రొమ్ము దగ్గర వంపు తిరగాలంటే గుడ్డని ఐమూలగా పెట్టి కత్తిరించాలని, అప్పుడే అది ఒంటి మాట వింటుందని చెప్పేది. తెలుగునాట ఏ ఊళ్ళో జాకెట్లు కుట్టే ఆవిణ్ణి అడిగినా ఈ విషయం చెబుతుంది. ఐరోపా దర్జీలకీ వియొనేకి ముందే ఇది తెలుసు. కాలర్లకీ, అంచులకీ, చిన్న ముక్కలకీ వాడేవాళ్ళు. వియొనే చేసిందల్లా మొత్తం గౌనుని ఐమూల మీద నిలబెట్టడం. చేసిందల్లా అంటున్నాను గానీ, దాంతో బట్టకీ ఒంటికీ ఉన్న సంబంధమే మారిపోయింది.

1920 ప్రాంతంలో ఆమె చేసిన ఒక గౌను ఉంది. నాలుగు చదరపు సిల్కు ముక్కలు, అంతే. ఒక్కో ముక్కనీ దాని మూల పట్టుకుని వేలాడదీసినట్టు కలిపింది. చేతిరుమాలుని ఒక మూల పట్టుకుని ఎత్తి చూడండి, అర్థమవుతుంది. చదరం అలా వేలాడగానే దారాలన్నీ ఒంటికి ఐమూల అవుతాయి, కింద అంచు కోణాలు కోణాలుగా తనంతట తనే ఏర్పడుతుంది. నడుము దగ్గర కత్తిరించి బిగించిన చోటు లేదు. ఒంటికి ఒక ఆకారం ఉండాలని బట్ట నిర్ణయించడం లేదు, ఒళ్ళు కదిలిన చోట బట్ట ఆకారం తెచ్చుకుంటోంది. ఇలాంటి గౌన్లని హ్యాంగరుకి తగిలిస్తే పాత గుడ్డలా వేలాడతాయి. వేసుకునే మనిషి లేకపోతే అవి అసంపూర్ణం. పాఠకురాలు లేకుండా పాఠ్యం లేదని మనం క్లాసుల్లో చెప్పే మాట ఇక్కడ అక్షరాలా నిజం.

మన చీరని ఈ కథలోకి లాగాలన్న ఉబలాటం చాలామందికి కలుగుతుంది. లాగక్కర్లేదు. ఆమె చూసింది గ్రీకు కుండల మీది బొమ్మల్నీ, కిమోనోనీ. ప్రతి మంచి ఆలోచనా మన దగ్గరే పుట్టాలన్న పట్టింపు స్త్రీవాదులకి అవసరం లేదు.

అయితే ఐమూల అంత తేలిగ్గా లొంగదు. బట్ట వేలాడే కొద్దీ సాగుతుంది. అందుకని కొన్నాళ్ళు వేలాడనిచ్చి, సాగాల్సినంత సాగాక అంచు సరిచెయ్యాలి. కుట్టు బిగిస్తే ముడతలు పడుతుంది. మామూలు వెడల్పు గుడ్డ చాలదు కాబట్టి నేతవాళ్ళ దగ్గర మరింత వెడల్పుగా క్రేప్ నేయించుకుంది. పూసల పని, ఎంబ్రాయిడరీ పెడితే బట్ట బిగుసుకుపోయి ఐమూల గుణమే పోతుంది. దానికి పరిష్కారం కుట్టుని పడుగు, పేక దారాల వరసలోనే నడిపించడం. వియొనే దగ్గర ఎంబ్రాయిడరీ నమూనాల మీద పనిచేసిన మరీ లూయీజ్ ఫావో అనే యువతి 1924లో అల్బేర్ లెసాజ్‌ని పెళ్ళి చేసుకుంది. ఆ దంపతులు ఒక పాత ఎంబ్రాయిడరీ కార్ఖానా తీసుకున్నారు. ఇవాళ ప్రపంచమంతా ఎరిగిన లెసాజ్ ఎంబ్రాయిడరీ సంస్థ అదే. పేరు భర్తది. వియొనే కుట్టుగదిలో నేర్చిన విద్య మరీ లూయీజ్‌ది.

ఇక నాకు ఇబ్బందిగా ఉన్న విషయానికి వస్తాను. కార్సెట్ పోయింది, సరే. ఒంటిని అంటిపెట్టుకుని జారే ఆ సిల్కు గౌను కింద ఎలాంటి ఒళ్ళు ఉండాలి? 1930లకి వచ్చేసరికి ఐమూల కోత హాలీవుడ్‌కి చేరింది. 1933లో వచ్చిన 'డిన్నర్ ఎట్ ఎయిట్' సినిమాలో జీన్ హార్లోకి అడ్రియన్ తయారుచేసిన తెల్ల శాటిన్ గౌను ఆ దశాబ్దానికే ముద్రగా మిగిలింది. ఆ గౌను పొట్టని దాచదు. ఎముకల చువ్వలు చేసిన పని ఇప్పుడు పస్తులూ వ్యాయామమూ చెయ్యాలి. కార్సెట్ ఒంటి బయట ఉన్నప్పుడు రాత్రి విప్పి పక్కన పెట్టొచ్చు. చర్మం లోపలికి వెళ్ళాక విప్పేదెలా? వియొనే పొట్టి మనిషి, కాస్త బొద్దు కూడా. ఆమె ఎదుట ఉన్న కొయ్యబొమ్మ మాత్రం సన్నగా, నునుపుగా ఉంది. దానికి కాన్పు లేదు, నెలసరి ఉబ్బరం లేదు, వయసు లేదు. అన్ని ప్రశ్నలూ బట్టని అడిగిన ఈ మనిషి ఆ బొమ్మని ఒక్క ప్రశ్నా అడగలేదు. స్త్రీ దేహానికి స్వేచ్ఛనిచ్చిన సృష్టికర్త అని ఆమెని కీర్తించే వ్యాసాలు ఈ చోటికి రాగానే అడుగు వేగం పెంచేస్తాయి. ఆమె ఇచ్చింది కదలికకి స్వేచ్ఛ. అది చాలా పెద్దదే. కానీ ఆకారానికి స్వేచ్ఛ ఇవ్వలేదు.

ఆమె కుట్టుగదుల సంగతి మరో రకంగా చిక్కైనది. మోంటేన్ అవెన్యూ భవనంలో దాదాపు 1200 మంది పనిచేశారు. వాళ్ళకి వెన్ను ఆనుకునే కుర్చీలు వేయించింది. పదకొండేళ్ళ వయసు నుంచి కుట్టుపనిలో ఉన్న మనిషికి కుర్చీ వీపు విలువ తెలుసు. క్యాంటీన్, డాక్టరు, పళ్ళ డాక్టరు, కాన్పు సెలవు, జీతంతో సెలవులు. ఫ్రాన్స్‌లో జీతంతో కూడిన సెలవుని చట్టం చేసింది 1936లో. ఆమె అంతకు చాలా ముందే ఇచ్చింది. పక్కన షానెల్‌ని పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అదే 1936లో షానెల్ పనివాళ్ళు సమ్మె చేసి ఆమెనే లోపలికి రానివ్వలేదు.

దీన్నంతా వియొనే మంచితనంగా చెప్పడం నాకు నచ్చదు. 1917 మే నెలలో, యుద్ధం మధ్యలో, పారిస్ కుట్టుపని ఆడపిల్లలు వేలాదిగా వీధుల్లోకి వచ్చారు. శనివారం మధ్యాహ్నం సెలవు కావాలన్నారు, అదీ జీతంతో. సాధించుకున్నారు. ఆ ఏడాదే చట్టం వచ్చింది. అప్పటికి వియొనే సంస్థ మూసి ఉంది. తిరిగి తెరిచిన నాటికి పారిస్‌లో కుట్టుపని మనుషులు తమ బలం చూసుకున్నవాళ్ళు. యజమానురాలి జ్ఞాపకమూ, పనివాళ్ళ పోరాటమూ రెండూ కలిస్తేనే ఆ కుర్చీలు వచ్చాయని నేను అనుకుంటాను. దయగల యజమాని కథ ఎప్పుడూ సమ్మె కథని మింగేస్తుంది. ఆడ యజమాని అయినప్పుడు మనమూ ఆ మింగుడుకి కొంచెం సాయం చేస్తాం.

ఇప్పుడు వేలిముద్ర దగ్గరికి. పారిస్ గౌన్లకి నకళ్ళు తీయడం ఆ రోజుల్లో పెద్ద వ్యాపారం. వియొనే ప్రతి గౌనుకీ ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి ఫోటోలు తీయించి, నంబరిచ్చి, ఆల్బముల్లో పెట్టించింది. మూడు రెక్కల అద్దం ముందు మోడల్ నిలబడితే ఒక్క ఫోటోలోనే అన్ని వైపులూ కనిపిస్తాయి. 1921లో కోర్టుకెళ్ళి గెలిచింది. గౌను నమూనా కూడా కళాకృతే, దానికీ రక్షణ ఉందని ఒప్పించింది. కుట్టుపని మనిషి కళాకారిణిగా చట్టం ముందు నిలబడిన ఘట్టమిది. దీన్ని చిన్నది చెయ్యను. సంతకాన్ని ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, నకలు తీయొచ్చు. వేలిముద్ర ఒక్క చేతిదే. ఈ పని చేతిది అని చెప్పడానికి అంతకన్నా మంచి గుర్తు దొరకదు. షానెల్ నకళ్ళని పెద్దగా పట్టించుకోలేదు, అవి తన పేరుని మోస్తాయని ఆమె లెక్క. ఎందుకంటే షానెల్ అమ్మింది ఒక రూపాన్ని. వియొనే దగ్గరున్నది పద్ధతి. పద్ధతి పోతే ఆమెకి మిగిలేదేమీ లేదు.

కానీ ఆ చేయి ఎవరిది? చిన్న బొమ్మ మీద గుడ్డ వేసిన చేయి ఆమెది. దాన్ని మనిషి కొలతకి పెంచడంలో ఆమెకి దగ్గరగా పనిచేసిన మార్సెల్ షోమాన్ పేరు చరిత్రకి తెలుసు, ఆ తర్వాత ఆమె సొంత సంస్థ పెట్టుకుంది కాబట్టి. ఐమూల సాగకుండా, ముడత పడకుండా కుట్టు వేసిన వందల వేళ్ళు మాత్రం లేబుల్ మీద లేవు. నకళ్ళు కుట్టి బతికిన చిన్న కుట్టుగదుల్లో వంగి కూర్చున్నదీ ఆడవాళ్ళే. ఒక స్త్రీ కర్తృత్వం గెలిచిన రోజున మరికొందరు స్త్రీల పేరు లేనితనం చట్టబద్ధమైంది. రచయిత్రులుగా మనకి ఇది దూరపు విషయం కాదు. మన పుస్తకం మీద మన పేరు ఉండటం కోసం వందేళ్ళు పోరాడాం. ఆ పుస్తకం రాసే గంటల్లో మన వంటింట్లో అంట్లు తోమిన మనిషికి ముందుమాటలో కృతజ్ఞతైనా చెప్పామా అన్నది నన్ను తొలిచే ప్రశ్న.

1939లో యుద్ధం మొదలైన ఏడాది సంస్థ మూతపడింది. 1947లో డియోర్ నడుములు బిగించి, స్కర్టుల కింద పొరలు పేర్చి 'న్యూ లుక్' అన్నాడు. కార్సెట్ కొత్త పేరుతో వచ్చింది, ప్రపంచం చప్పట్లు కొట్టింది. వియొనే బతికే ఉంది, ఇంకా ఇరవై ఎనిమిదేళ్ళు బతికింది. 1952లో ఆమె తన దగ్గరున్నవన్నీ ఫ్రెంచి దుస్తుల కళాసంఘానికి ఇచ్చేసింది. వందకి పైగా దుస్తులు, 750 దాకా నమూనాలు, 75 ఆల్బములు. దాచుకున్న స్త్రీ చరిత్రలో మిగులుతుంది అనడానికి ఇదొక ఉదాహరణ. 2009లో పారిస్ అలంకరణ కళల మ్యూజియంలో జరిగిన ఆమె పెద్ద ప్రదర్శన ఈ మూట మీదే నిలబడింది.

ఆమె పేరుకి పట్టిన గతి వేరు. పేరు ఆస్తి కదా, చేతులు మారింది. ఈ శతాబ్దంలో వియొనే అనే లేబుల్‌ని మళ్ళీ తెరిచారు, ఒకరి తర్వాత ఒకరు కొన్నారు, 2018లో దివాలా దారి పట్టింది. పద్ధతి మాత్రం ఇంకో దారిలో నడిచింది. న్యూయార్క్‌లో దుస్తుల పరిరక్షకురాలిగా పనిచేసిన బెట్టీ కర్క్ అనే స్త్రీ ఏళ్ళ తరబడి ఆ గౌన్లని చదివి, వాటి కోతల్ని బయటపెట్టింది. ఆ పుస్తకం మొదట 1991లో జపానులో వచ్చింది, 1998లో ఇంగ్లీషులో, ఇస్సే మియాకే ముందుమాటతో. మ్యూజియం గౌనుని విప్పకూడదు కాబట్టి దారం పోయిన దారి చూసి లోపలి ముక్కల్ని ఊహించాలి, మళ్ళీ కత్తిరించి సరిచూసుకోవాలి. నేను చదివిన సాహిత్య విమర్శలో ఇంత ఓపికైన దగ్గరి పఠనం తక్కువ. నకలు వద్దని కోర్టుకెక్కిన మనిషి రచనని అర్థం చేసుకోవడానికి చివరికి నకలే దారి అయింది. ఇవాళ డిజైన్ విద్యార్థులు ఐమూల నేర్చుకోవాలంటే తెరిచే పుస్తకాల్లో అదొకటి.

కర్క్ చదివింది కోతని. కుట్టుని ఇంకా ఎవరూ ఆ ఓపికతో చదవలేదు. చేతికుట్టు చేతిరాత లాంటిది, ఒక్కొక్కరి బిగువు ఒక్కో రకం, పోటుకీ పోటుకీ మధ్య ఎడం ఒక్కో రకం. ఒక గౌను ఎడమ భుజం కుట్టిన వేళ్ళు, కుడి అంచు కుట్టిన వేళ్ళు ఒకటేనా కాదా అన్నది దారం చూస్తే తెలియవచ్చు. పారిస్‌లోని ఆ వందకి పైగా గౌన్ల లోపలి వైపు చూస్తూ రాయవలసిన పుస్తకం అది. దాన్ని రాసేవాళ్ళకి ఫ్రెంచి వచ్చి ఉండాలి, కుట్టు కూడా వచ్చి ఉండాలి.